సెయింట్ బ్రిజిడ్ పేరిట పాఠశాల సేవాసంఘం: పండుగ రోజుకే పరిమితం కాని పనిని ఎలా రూపొందించాలి?

ప్రశ్న (ఐర్లండ్‌లో ఉంటున్న ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడి ఒక కతోలిక బాలికల సెకండరీ పాఠశాలలో ఈ ఏడాది ట్రాన్సిషన్ ఇయర్‌లోకి వచ్చింది. తెలియనివారి కోసం చెబుతున్నాను: జూనియర్ సైకిల్ పరీక్షలు ముగిశాక, లీవింగ్ సర్టిఫికెట్ (పాఠశాల ముగింపు పరీక్ష) చదువు మొదలయ్యే ముందు వచ్చే ఈ సంవత్సరంలో పరీక్షల ఒత్తిడి ఉండదు కనుక పని అనుభవానికీ, సమాజసేవకూ పిల్లలకు సమయం దొరుకుతుంది. వాళ్ల పాఠశాలలో ఐర్లండ్ పునీతురాలు సెయింట్ బ్రిజిడ్ పేరుతో ఒక సేవాసంఘం చాలాకాలంగా నడుస్తోంది. ఈసారి దాని కార్యక్రమాన్ని ఆలోచించి రాసి తీసుకురమ్మని పాఠశాల చాప్లిన్ (విద్యార్థుల ఆధ్యాత్మిక బాగోగులు చూసేవారు) గారు నలుగురు పిల్లలకు అప్పగించారు. వారిలో మా అమ్మాయి ఒకతె.

ఇప్పటివరకు ఆ సంఘం చేస్తున్నది ఇది. ఫిబ్రవరి 1న బ్రిజిడ్ పండుగ వస్తుంది కనుక అంతకుముందు వారం గడ్డితో బ్రిజిడ్ శిలువలు అల్లి అమ్ముతారు, వచ్చిన డబ్బును ఏదైనా ధర్మసంస్థకు పంపుతారు. క్రిస్మస్‌కు ముందు ఆహారపు పెట్టెలు సర్ది ఇస్తారు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ట్రోకరా అనే కతోలిక సహాయ సంస్థ అట్టపెట్టెలను ఇంటింటికీ తీసుకువెళ్లి విరాళాలు పోగుచేస్తారు. ఇవన్నీ మంచి పనులే, నేను కాదనడం లేదు. అయితే ఒకదానికీ మరొకదానికీ నడుమ నెలల తరబడి సంఘం పేరు మాత్రమే మిగులుతుంది. మొన్న మా అమ్మాయి ఇంటికి వచ్చి, "అమ్మా, ఆవిడ పేరు పెట్టుకున్నాం గానీ ఆవిడ ఏం చేసిందో మాలో సగం మందికి తెలియదు" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

నాకు తెలుసుకోవాలని ఉన్న విషయాలు ఇవి. బ్రిజిడ్ జీవితంలో దేన్ని ఆధారం చేసుకుంటే పిల్లల సేవకు ఒక రూపం వస్తుంది? ఆ పని ఏడాది పొడవునా ఆగకుండా సాగాలంటే ఎలా అమర్చుకోవాలి? మేము హిందువులం, మరి కతోలిక సంఘాన్ని నడిపే నలుగురిలో మా అమ్మాయి ఉండడం ఎంతవరకు సబబు, ప్రార్థనల సమయంలో ఆమె ఎలా మసలుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే ఆ నలుగురికీ చదివి వినిపిస్తాను.

సమాధానం 1 (సెకండరీ పాఠశాలలో మతబోధన చేసే ఉపాధ్యాయురాలు)

నమస్కారమండీ. మీ అమ్మాయి అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ప్రశ్న అడగగలిగిన పిల్లలున్న సంఘానికి సగం దారి తెలిసినట్లే.

బ్రిజిడ్ గురించి నికరంగా తెలిసిన చరిత్ర చాలా తక్కువ. సంప్రదాయం ప్రకారం ఆమె 451 ప్రాంతంలో లౌత్ కౌంటీలోని ఫాహర్ట్ దగ్గర పుట్టింది. తండ్రి డుబ్తాక్ ఒక నాయకుడు, తల్లి అతని ఇంట్లో దాసి. కిల్డేర్‌లో ఆమె స్థాపించిన మఠం ఆ కాలపు ఐర్లండ్‌లో గొప్ప కేంద్రమైంది. కిల్డేర్ అన్న పేరుకు ఓక్ చెట్టు దగ్గరి గుడి అని అర్థం. 524 ప్రాంతంలో ఆమె మరణించిందని చెబుతారు. 2024లో ఆమె మరణించి 1500 ఏళ్లయిన సందర్భాన్ని ఇక్కడ ఘనంగా జరుపుకున్నాం. రోమ్ నుంచి విధివిధానాలతో పునీతురాలిగా ప్రకటించే పద్ధతి ఏర్పడకముందే ప్రజలు ఆమెను పునీతగా గౌరవించారు. మిగిలినదంతా కథలు. వాటిలో పాతవాటిని కిల్డేర్‌కు చెందిన కొగిటోసుస్ అనే సన్యాసి 7వ శతాబ్దంలో లాటిన్‌లో రాసిపెట్టాడు. పిల్లలకు ఈ తేడాను దాచకుండా చెప్పండి. కథ జరిగిందా లేదా అన్న వాదనలో పడకుండా, ఆ కథను వందల ఏళ్లపాటు ఎందుకు చెప్పుకున్నారో ఆలోచించమనండి.

అందరికీ తెలిసిన కథ కత్తిది. బ్రిజిడ్ చేతికి ఎముక లేని మనిషి. ఇంట్లో ఏ వస్తువు ఉన్నా పేదలకు ఇచ్చేస్తుంటే తండ్రి విసిగిపోయి, ఆమెను లెన్‌స్టర్ రాజుకు అమ్మేద్దామని బండిలో తీసుకువెళ్లాడు. అతను లోపల రాజుతో మాట్లాడుతుండగా ఒక కుష్ఠురోగి వచ్చి చేయి చాచాడు. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, తండ్రి బండిలో వదిలివెళ్లిన విలువైన కత్తి తప్ప. దాన్నే ఇచ్చేసింది. అది విన్న రాజు, ఈ పిల్ల దేవుని ముందు మనకన్నా పైమెట్టున ఉంది, ఈమెను కొనే అర్హత మనకు లేదు అన్న భావంతో ఆమెను వదిలేశాడని కథ.

కానీ నేను మా పిల్లలకు ముందుగా చెప్పేది ఈ కథ కాదు. కొగిటోసుస్ రాసినవాటిలో ఇంకొకటి ఉంది. బ్రిజిడ్ ప్రయాణంలో ఉండగా ఒక పేదరాలి ఇంట రాత్రికి ఆగవలసి వచ్చింది. ఆ ఇంట్లో వంటచెరకు లేదు, పెట్టడానికి ఏమీ లేదు. ఆమెకున్న ఆస్తి ఒక ఆవు, దాని దూడ, బట్ట నేసుకునే మగ్గం. ఆమె మగ్గం కర్రలను పొయ్యిలో పెట్టి, ఉన్న ఒక్క దూడనూ వండి అతిథికి పెట్టింది. తెల్లవారేసరికి ఆవు పక్కన అలాంటి దూడే ఉంది, మగ్గం ఎప్పటిలాగే నిలిచి ఉంది. పాఠకులు చివరి అద్భుతం దగ్గర ఆగిపోతారు గానీ, నాకు దానికి ముందున్న భాగమే ముఖ్యంగా తోస్తుంది. ఇక్కడ ఇచ్చినది పేదరాలు, పుచ్చుకున్నది పునీతురాలు. వద్దమ్మా, నువ్వు పేదదానివి, నీ దగ్గర నేను తీసుకోను అని బ్రిజిడ్ అనలేదు. ఆమె ఇంటి గౌరవాన్ని నిలబెట్టి, పెట్టినది తిన్నది. సేవాసంఘాలు సాధారణంగా నేర్చుకోనిది ఈ పుచ్చుకోవడమే. మనం ఇచ్చేవాళ్లం, వాళ్లు తీసుకునేవాళ్లు అన్న గీత ఒకసారి పడిందంటే, ఎంత మంచి పనిలోనైనా ఎదుటి మనిషి కొంత చిన్నబోతాడు.

పని ఆగకుండా సాగడం గురించి అడిగారు. దానికి కిల్డేర్‌లోనే నమూనా ఉంది. 12వ శతాబ్దం చివర ఐర్లండ్‌కు వచ్చిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత, కిల్డేర్‌లో బ్రిజిడ్ నిప్పు ఆరకుండా మండుతూ ఉండడం గురించి రాశాడు. బ్రిజిడ్ కాలంలో ఇరవైమంది కన్యస్త్రీలు దాన్ని కాపాడేవారట, ఆమె పోయాక పందొమ్మిదిమంది మిగిలారు. రాత్రికొకరు చొప్పున వంతు. ఇరవయ్యో రాత్రి వచ్చినప్పుడు పందొమ్మిదో కన్యస్త్రీ కట్టెలు పేర్చి, ఇక ఈ రాత్రి నీ వంతు, నీ నిప్పును నువ్వే చూసుకో అని బ్రిజిడ్‌కు చెప్పి వెళ్లేదట. తెల్లవారి చూస్తే కట్టెలు కాలి, నిప్పు అలాగే ఉండేదని చెప్పుకునేవారు. ఆ తర్వాతి శతాబ్దాల్లో మఠాలు మూతపడిన కాలంలో నిప్పు ఆరిపోయింది. 1993లో బ్రిజిడైన్ సిస్టర్లు కిల్డేర్‌లో దాన్ని మళ్లీ వెలిగించారు, అది ఇప్పటికీ వారి సోలస్ బ్రీడా కేంద్రంలో వెలుగుతోంది. వీలైతే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి.

ఆ వంతుల పద్ధతినే సంఘానికి పెట్టుకోవచ్చు. ఎవరూ ఏడాదంతా మోయనక్కరలేదు, కానీ ఏ వారమూ ఖాళీగా పోదు. పందొమ్మిది మంది పిల్లలు, ఇరవై వంతులు. ఎక్కడికి వెళ్లాలి, ఏం చేయాలి అన్నది మీ ఊరి అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఒక చోటును ఎంచుకుని దానికే కట్టుబడి ఉండమని మాత్రం గట్టిగా చెబుతాను.

సమాధానం 2 (నర్సింగ్ హోమ్‌లో పనిచేసే నర్సు)

పై సమాధానం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి అనుకుంటాం గానీ, ఇక్కడ అది వృద్ధులు చివరి వరకు ఉండే సంరక్షణ గృహం. నేను అలాంటి చోట చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను.

నేను గతంలో పనిచేసిన ఒక గృహానికి ఓ క్రిస్మస్‌కు ముందు పాఠశాల పిల్లలు ఇరవై ముప్పైమంది వచ్చారు. పాటలు పాడారు, అందరితో ఫోటోలు తీసుకున్నారు, చాక్లెట్లు పంచి వెళ్లిపోయారు. వారిలో ఒక అమ్మాయి ఒక పెద్దావిడ చేయి పట్టుకుని, మళ్లీ వస్తాను అని చెప్పింది. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే చెప్పి ఉంటుంది. ఆ పెద్దావిడ జనవరి అంతా మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఎవరి కోసం అని అడిగితే, ఆ పాప వస్తానంది అనేది. ఫిబ్రవరిలో ఎదురుచూడడం మానేసింది. రాకపోయినా ఇంత నష్టం ఉండేది కాదు. ఒక్కసారి వచ్చి మాట ఇచ్చి ఆగిపోవడం వల్ల ఎంత నష్టమో మేము లోపల ఉండి చూశాం. అందుకే ఒకే చోటికి, వంతులు తప్పకుండా వెళ్లమన్న సలహా నాకు బంగారంలా కనిపించింది.

ఇక ఆచరణ. ముందుగా ఆ గృహంలోని యాక్టివిటీస్ కోఆర్డినేటర్‌తో పాఠశాల తరఫున ఉపాధ్యాయులు మాట్లాడాలి. పిల్లలు నేరుగా ఫోన్ చేయడం కన్నా అది మేలు. గార్డా వెట్టింగ్, అంటే పోలీసు శాఖ ద్వారా జరిగే నేపథ్య పరిశీలన విషయం మొదట్లోనే తేల్చుకోండి. 16 ఏళ్లు నిండనివారికి అది చేయరు, 16, 17 ఏళ్లవారికి తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. మీ అమ్మాయి తరగతిలో రెండు వయసులవారూ ఉంటారు కనుక ఎవరు ఒంటరిగా కూర్చోవచ్చు, ఎవరి వెంట పెద్దవారు ఉండాలి అన్నది ఆ గృహం చెప్పినట్లే నడవాలి. కాగితాలు పూర్తవడానికి వారాలు పడుతుంది, సెప్టెంబరులో మొదలుపెడితేనే అక్టోబరు విరామం తర్వాత వెళ్లగలుగుతారు.

ఒక్కో వంతుకు ఇద్దరు చాలు. ఇరవైమంది కలిసి వస్తే అది ప్రదర్శన అవుతుంది, ఇద్దరు వస్తే సంభాషణ అవుతుంది. వినికిడి తగ్గినవారికి ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా నెమ్మదిగా మాట్లాడాలి, అరవకూడదు. మతిమరుపు జబ్బు ఉన్నవారు అడిగిందే అడిగితే మొదటిసారి అడిగినట్లే జవాబు చెప్పాలి, ఇందాక చెప్పాను కదా అనకూడదు. ఫోటోలు వద్దు. ఒంట్లో నలతగా ఉంటే, ముఖ్యంగా వాంతులు, జలుబు ఉంటే ఆ వంతు ఇంకొకరికి అప్పగించాలి. చలికాలంలో లోపల జబ్బు ప్రబలి సందర్శకులను కొన్నాళ్లు ఆపేయవచ్చు. అప్పుడు వంతు ప్రకారమే చేత్తో ఒక ఉత్తరం రాసి పంపండి. మా దగ్గర ఉత్తరాలను దిండు కింద దాచుకున్నవారున్నారు.

తల్లిదండ్రులు పిల్లలకు ముందే చెప్పవలసిన కష్టమైన మాట ఒకటుంది. ఏడాది గడిచేలోగా వారు స్నేహం చేసుకున్నవారిలో ఎవరో ఒకరు చనిపోవచ్చు. ఆ రోజు పిల్లలతో కూర్చుని మాట్లాడే పెద్దవారు ఎవరన్నది సంఘం ముందే అనుకుని ఉండాలి.

సమాధానం 3 (ఇలాంటి సంఘంలో పనిచేసిన పూర్వ విద్యార్థి)

నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. ఈ చర్చలో డబ్బు పోగుచేసే పనికి విలువ తగ్గుతున్నట్లు అనిపిస్తోంది. మా సంఘం సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ స్థానిక శాఖకు తోడ్పడేది. ఆ సొసైటీ ఐర్లండ్‌లో 1844 నుంచి పనిచేస్తోంది. చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోలేని కుటుంబానికి కావలసింది నా సంభాషణ కాదు, కరెంటు బిల్లు కట్టే సాయం. అది డబ్బు లేకుండా జరగదు.

అయితే కత్తి కథ నన్ను అప్పట్లో ఇబ్బంది పెట్టేది, ఇప్పటికీ పెడుతుంది. ఆమె ఇచ్చింది తన కత్తి కాదు, తండ్రి కత్తి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు కాదా అని నేను మా టీచరును అడిగాను. ఆయన ఇచ్చిన జవాబు ఇంకా గుర్తుంది. దాసి కూతురికి సొంతమనేది ఏదీ లేదు, ఆమెనే అమ్మడానికి తీసుకువెళ్తున్నారు, ఆ స్థితిలో ఆమె అడ్డుపెట్టినది తన ప్రాణాన్నే అన్నారు. తండ్రి కోపానికి వెరవకుండా ఆ కత్తి ఇచ్చింది కనుక అది దానమైంది. మనం మాత్రం అమ్మానాన్నల జేబులోంచి తెచ్చి ఇచ్చి, మనమే ఇచ్చామనుకుంటాం.

అప్పటి నుంచి మా సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. డబ్బు పోగుచేయవచ్చు, కానీ పోగుచేసిన ప్రతి మొత్తం వెనక మా సొంత గంటలు ఉండాలి. ఇంటి నుంచి తెచ్చిన నోటు లెక్కలోకి రాదు. శనివారం కార్లు కడిగి, ఇరుగుపొరుగు తోటల్లో గడ్డి కోసి సంపాదించింది లెక్కలోకి వస్తుంది. మొత్తం తగ్గింది, నిజమే. కానీ ఎవరికి వెళ్తోందో అడిగి తెలుసుకునే అలవాటు మాకు అప్పుడే వచ్చింది.

ప్రశ్న అడిగిన తల్లి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ సంగతి వచ్చినప్పుడు మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి లేచి క్యాలెండరు తెచ్చుకుని వారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమె గాష్కా (ఐర్లండ్ అధ్యక్షుని పేరిట యువతకు ఇచ్చే పురస్కారం) కాంస్య స్థాయికి కూడా పేరు ఇచ్చింది. అందులో సమాజసేవకు కనీసం 13 వారాలు ఉండాలి. వంతుల పద్ధతిలో ఆ లెక్క కుదురుతుందా అన్నది ఆమె సందేహం. నా మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు, దయచేసి దాని గురించి కూడా ఎవరైనా చెప్పండి.

సమాధానం 4 (విచారణ, అంటే పారిష్, యువజన బృందంలో పనిచేసే తెలుగు కతోలిక విశ్వాసి)

అమ్మా, మీ మూడో ప్రశ్నకు నాకు తెలిసింది రాస్తాను. చట్టం సంగతి ముందు చెప్పుకుంటే, ప్రభుత్వ నిధులు అందుకునే పాఠశాలలో మతబోధనకు హాజరు కాకుండానే చదువుకునే హక్కు ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఉందని ఐర్లండ్ రాజ్యాంగం 44వ అధికరణం చెబుతోంది. కనుక ప్రార్థనలో పాల్గొనమని మీ అమ్మాయిని ఎవరూ నిర్బంధించలేరు. అయితే మీరు అడిగింది హక్కు గురించి కాదని, మర్యాద గురించి అని అర్థమైంది.

చాప్లిన్ గారు మీ విశ్వాసం తెలిసే మీ అమ్మాయిని ఎంచుకున్నారు. అది పొరపాటున జరిగినది కాదు. పేదవానికి చేసినది తనకు చేసినట్లే అని క్రీస్తు చెప్పిన మాట మీద కతోలిక సేవ నిలబడి ఉంది, ఆ మాటలో చేసేవారి మతం అడగలేదు. ఆచరణలో చూస్తే, సమావేశం ప్రార్థనతో మొదలైనప్పుడు ఆమె నిశ్శబ్దంగా నిలబడితే చాలు. దివ్యపూజలో (మాస్‌లో) కూర్చోవచ్చు, అక్కడ పంచే అప్పాన్ని, అంటే దివ్యసత్ప్రసాదాన్ని మాత్రం స్వీకరించకూడదు. వరుసలో వెళ్లాలనిపిస్తే చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుంటే గురువు (ప్రీస్ట్) ఆశీర్వాదం ఇస్తారు, వెళ్లకుండా కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. ప్రార్థన చదివే బాధ్యత మిగతా ముగ్గురిలో ఒకరు తీసుకోవడం సముచితం. తాను నమ్మని మాటలను ఇతరుల తరఫున పలకడం ఆమెకూ భారమే, వినేవారికీ న్యాయం కాదు. బ్రిజిడ్ కథ చెప్పే బాధ్యత మాత్రం నిస్సంకోచంగా ఆమె తీసుకోవచ్చు.

ఇంకొక మాట, ఇది నా మనసుకు దగ్గరి విషయం. క్రైస్తవం రాకముందు ఐర్లండ్‌లో బ్రిజిడ్ అన్న పేరుతో ఒక దేవత ఉండేదని, ఇంబోల్క్ అనే వసంతారంభపు పండుగ కూడా ఇదే సమయంలో వచ్చేదని మీ అమ్మాయి చదివే ఉంటుంది. దేవత కథలు పునీతురాలికి ఎంతవరకు చేరాయన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. మనవాళ్లకు దేవత అనగానే ఒక చనువు కలుగుతుంది. అది సహజం. కానీ సంఘంలో మాట్లాడేటప్పుడు, మీ పునీతురాలు నిజానికి మా దేవతలాంటిదే అని తేల్చేయవద్దని చెప్పండి. విశ్వాసంతో ఆమెను వేడుకునేవారికి ఆ మాట నొప్పి కలిగిస్తుంది. నాకు కలిగింది. రెండు సంప్రదాయాలూ ఈ నేల మీద ఉన్నాయని చెప్పి, ఎవరి బ్రిజిడ్‌ను వారికి ఉంచడం మంచిది.

క్యాలెండరు విషయంలో ఒక చిన్న హెచ్చరిక. 2023 నుంచి బ్రిజిడ్ పేరిట ఫిబ్రవరిలో ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు, ఎక్కువ సంవత్సరాల్లో అది మొదటి సోమవారం వస్తుంది. అదే నెలలో మూడో, ఆరో సంవత్సరం విద్యార్థులకు మాక్ పరీక్షలు, మధ్యలో విరామం ఉంటాయి. అందువల్ల సంఘానికి పేరిచ్చిన పండుగ రోజుల్లోనే మనుషులు దొరకరు. ఆ నెల వంతులను ట్రాన్సిషన్ ఇయర్, రెండో సంవత్సరం పిల్లలకు ముందే కేటాయించుకోండి.

సమాధానం 1 రాసిన ఉపాధ్యాయురాలు

గాష్కా లెక్క గురించి: వారానికి సగటున గంట చొప్పున 13 వారాలపాటు ఒకే మనిషి చేసినట్లు చూపించాలి కనుక, వంతు మాత్రమే చేస్తే సరిపోదు. కానీ సంఘం పని అంటే గృహానికి వెళ్లడం ఒక్కటే కాదు. రాబోయే వంతువారికి ముందురోజు గుర్తుచేయడం, కిందటి వారం ఎవరితో ఏం మాట్లాడారో నోట్‌బుక్కులో రాసి తర్వాతివారికి అందించడం, రాలేని వారి స్థానంలో వెళ్లడం, ఉత్తరాలు చేర్చడం ఉంటాయి. నడిపించే నలుగురికి ప్రతివారం పని ఉంటుంది. పాఠశాలలో గాష్కా చూసే ఉపాధ్యాయులకు ఈ ప్రణాళికను మొదలుపెట్టకముందే చూపించి ఒప్పించుకోండి. నోట్‌బుక్కులో ఎవరి జబ్బుల వివరాలూ, ఇంటి గొడవలూ రాయకూడదు. ఆమెకు పాత పాటలు ఇష్టం, ఆయన ఎడమ చెవితో బాగా వింటారు, అంతవరకు చాలు.

ప్రశ్న అడిగిన తల్లి

చాలా సంతోషం. నలుగురు పిల్లలూ కూర్చుని కార్యక్రమం రాశారు. ఒక నర్సింగ్ హోమ్, వారానికి ఇద్దరు, పందొమ్మిది వంతులకు పేర్లు నిండాయి. ప్రార్థన చదవడం ఒక స్నేహితురాలు తీసుకుంది, కథ చెప్పడం మా అమ్మాయి తీసుకుంది, చాప్లిన్ గారు దానికి ఒప్పుకున్నారు. శిలువల అమ్మకం ఉంటుంది, కానీ గడ్డి తేవడం నుంచి అల్లడం దాకా పిల్లల చేతులే చేయాలని నియమం పెట్టుకున్నారు. ఒక్కటే తేలలేదు. ఇరవయ్యో వంతు ఎవరిది? బ్రిజిడ్‌దని ఖాళీగా వదిలేయాలని ఇద్దరంటున్నారు. ఒక వారం ఎవరూ వెళ్లకపోతే లోపల ఎదురుచూసేవారికి ఎలా తెలుస్తుందని మా అమ్మాయి అంటోంది.

సమాధానం 2 రాసిన నర్సు

మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. ఖాళీగా వదలవద్దు. ఆ వంతు మా పెద్దవాళ్లకు ఇవ్వండి.

మా దగ్గర ఉండేవారిలో చాలామంది పల్లెల్లో పెరిగారు. చిన్నప్పుడు జనవరి 31 సాయంత్రం చిత్తడి పొలాల్లోంచి తుంగలాంటి గడ్డి తెచ్చి, ఇంట్లో అందరూ కూర్చుని శిలువలు అల్లి, తలుపు పైన పెట్టుకున్నవారు వాళ్లు. ఆ గడ్డిని కొడవలితో కోయకూడదు, చేత్తో పీకాలి అని నాకు చెప్పింది మా గృహంలోని ఒక తొంభై ఏళ్ల ఆవిడే. ఉదయం ఏం తిన్నదీ ఆవిడకు గుర్తుండదు, చేతికి గడ్డి ఇస్తే మాత్రం వేళ్లు వాటంతట అవే మడతలు వేస్తాయి. ఇరవయ్యో వంతును జనవరి చివరి వారంలో పడేలా అమర్చుకోండి. ఆ రోజు పిల్లలు ఏమీ పట్టుకురావద్దు, ఏమీ నేర్పవద్దు. నేర్చుకోవడానికి రండి. ఇందాక టీచరు గారు చెప్పిన మగ్గం కథలో లాగా ఆ రోజు పెట్టేది వాళ్లు.

కీళ్లనొప్పులున్న చేతులకు ఎండిన గడ్డి గుచ్చుకుంటుంది, పైగా మడతపెడితే విరుగుతుంది. పచ్చిగా ఉన్నదే తెప్పించండి, లేదా ముందురోజు రాత్రి తడిబట్టలో చుట్టి ఉంచండి. కొసలు కట్టడానికి రబ్బరు బ్యాండ్లు వాడితే వాళ్లు ఊరుకోరు, నూలు దారం ఉంచండి.

ప్రశ్న అడిగిన తల్లి

అలాగేనండీ. ఇరవయ్యో గడిలో మా అమ్మాయి ఇప్పుడే "వాళ్ల వంతు" అని రాసుకుంది. గడ్డి పీకడానికి అనుమతి ఇచ్చే పొలం కోసం తరగతిలో రైతుల పిల్లలను అడుగుతానంది.